చెప్పు ముక్కలు పీకేసిన యంత్రం

నేను ఒక యంత్రాన్ని. ఎండుమిరపకాయల తొడిమలు తీయడానికి పుట్టాను. నా ముందున్న అట్ట మీద ‘జిల్లా ప్రథమ బహుమతి’ అని రాసి ఉంటుంది. దాన్ని చూసి మోసపోకండి. నాకంటే దండగమారి సరుకు ఈ బడిలో ఇంకోటి లేదు.

పుట్టినప్పుడు ఇలా లేను. పల్నాడులో ఓ సర్కారు హైస్కూలు మాది. పాత సామాన్ల గదిని ప్రయోగాల గదిగా మార్చి, ఇంట్లో కష్టం తీర్చే వస్తువేదైనా చేయమని పిల్లలకు చెప్పారు. తొమ్మిదో తరగతి దీవెన వాళ్లమ్మ మరియమ్మ తొడిమలు తీసే కూలీ. చేతులు భగభగ మండుతుంటే అన్నం కలుపుకోలేక స్పూనుతో తింటుంది.

“మాయమ్మ చేత్తో అన్నం తినాల. అంతే” అంది దీవెన.

అదే తరగతి మస్తాన్ వలి వాళ్ల నాన్న సైకిల్ షాపులోంచి పెడలూ గొలుసూ పట్టుకొచ్చాడు. వాళ్ల జట్టులో మూడో పిల్ల నాగేంద్రమ్మ ఇంట్లో దువ్వెనలన్నీ ఊడ్చుకొచ్చింది. తిరిగే డబ్బా చుట్టూ వాటిని బిగించారు. తొడిమలు రాలాలి కదా, కారం రాలింది! ముగ్గురూ తుమ్మలేక చచ్చారు.

నీ వల్లంటే నీ వల్లని వారం రోజులు పోట్లాడుకున్నారు. దువ్వెనలు మరీ బిర్రుగా ఉన్నాయంది దీవెన. కింద మెత్తంది ఏదన్నా పెడదామంది నాగేంద్రమ్మ. మస్తాన్ అక్కడికక్కడే కాలి హవాయి చెప్పులు తీసి ముక్కలు కోశాడు. మర్నాడు ఉత్తకాళ్లతో బడికొచ్చాడు. ఆలోచన ఎవరిదని అడిగితే నేను చెప్పలేను. ముగ్గురినీ విడదీస్తే నేను లేను.

ఆ రోజు పళ్లెం నిండా కాయలు ఒక్కటీ చితక్కుండా దిగాయి. దీవెన ఎగిరి గంతేసింది. అబద్ధమెందుకు, నాకూ పొగరెక్కింది.

అంతలో జిల్లా పోటీ వచ్చిపడింది. దరఖాస్తులో ఒక్క పేరుకే చోటుంది. సైన్సు మాస్టారు శేషగిరిరావుగారు అందులో హేమంత్ పేరు రాశారు. ఆ పిల్లాడు నన్ను ముట్టుకుని ఎరగడు, కానీ ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు.

బయల్దేరే ముందు నాకు కొబ్బరికాయ కొట్టాలన్నారు. బొట్టు పెట్టబోయి మాస్టారు ఉలిక్కిపడ్డారు.

“ఛీఛీ! పూజ చేసేదాంట్లో చెప్పులేందిరా?”

“అయ్యి తీస్తే పంజెయ్యదు సార్!” అని మస్తాన్ మొత్తుకున్నాడు. విన్నదెవరు? ముక్కలన్నీ పీకించి, రేకు బిగించి, నీలం రంగు కొట్టించారు. ఆ పూజతోనే నా పని అయిపోయింది.

పోటీలో హేమంత్ “నేను కనిపెట్టాను” అని పది నిమిషాలు ఉపన్యసించాడు. పెద్దమనుషులు తలలూపారు. ఒక్క కాయ వేసి తిప్పి చూపించమని అడిగిన పాపాన పోలేదు. బహుమతి ఇచ్చారు!

తిరిగొచ్చాక దీవెన వెళ్లి అడిగింది, “చెప్పు ముక్కలు మళ్లీ పెట్టుకుంటాం సార్. మాయమ్మకి కావాలి.”

“ప్రైజొచ్చినదాన్ని విప్పుతారటే? రేపు పెద్దాఫీసర్లు చూడ్డానికొస్తారు” అని నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

మొన్న తల్లిదండ్రుల సమావేశానికి మరియమ్మ వచ్చింది. నన్ను చూసి ముఖమంతా విప్పారింది.

“ఇదేనా పాపా నువ్వు చేసింది? సారూ, ఒక్కసారి తిప్పి చూపిచ్చండి” అంటూ చెయ్యి చాపింది.

“ముట్టుకోబాకమ్మా, కారం చేతులు! అద్దం మరకలవుద్ది.”

ఆమె గబుక్కున చేతులు కొంగులో దాచుకుంది. “తెలవక సారూ” అంది. నాకు నోరుంటే ఆ మాస్టారిని దులిపేసేదాన్ని. నోరు లేదు, ఉన్న దువ్వెనలు రంగులో అతుక్కుపోయాయి.

వరండాలో తల్లీకూతుళ్లు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. ఈ మిరప కాలం మొదలైన దగ్గర్నుంచి ఆదివారాలు దీవెన కూడా తొడిమలకు పోతోందట. సంచీ విప్పి రెండు స్పూన్లు తీసింది. ఒకటి వాళ్లమ్మకిచ్చి, రెండోదానితో తను తిన్నది.