మైదానంలో పడిన దిష్టి నిమ్మకాయ

అక్షరాలు నేను యాభై ఎనిమిదో ఏట దిద్దుకున్నాను. ఒత్తులు తప్పుతాయి, పొల్లు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఈ కాస్త కథ రాయడానికి నెలన్నర పట్టింది. తప్పులుంటే మన్నించి చదువుకోండి.

కువైట్‌లో ఇంటి యజమానురాలిని మామా అంటాం. జహ్రాలో జకియా మామా ఇంట్లో వంట చేసే రెడ్డెమ్మకు ఇరవై రెండేళ్లుగా ఒకటే గర్వం. మామా పెద్దకొడుకు మిషారీని పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచి పెంచింది తానే. ఇప్పుడు ఆ పిల్లవాడు పెద్ద క్లబ్బులో ఫుట్‌బాల్ ఆడతాడు. అతని ఆట గురించి ఎవరు మాట్లాడినా "నా చేతి ముద్ద తిన్న కాళ్లు అవి" అనేది.

రెడ్డెమ్మలాగే రాయచోటి పక్కనుంచి వచ్చిన చిన్నక్క ఆ ఇంట్లో చేరి రెండేళ్లయింది. అప్పుడే క్లబ్బువాళ్లు మిషారీకి తిండి పట్టిక రాసిచ్చారు. ఉడికించిన కోడి, గుడ్డు తెల్లసొన, నూనె లేని కూరలు. రెడ్డెమ్మ ఆ కాగితం చూసి మూతి తిప్పింది. చిన్నక్క మాత్రం దాన్ని గోడకు అంటించుకుని, చెప్పింది చెప్పినట్టు వండిపెట్టింది. ఆ రోజు నుంచి మిషారీ వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచే పేరు మారిపోయింది.

ఒక ఆటలో గోల్ కొట్టిన సంబరంలో అతను చొక్కా విప్పి, ఇంటివాళ్లు కూర్చున్న వైపు పరుగెత్తి, చిన్నక్క ఒళ్లోకి విసిరాడు. మైదానంలో చొక్కా విప్పినందుకు రిఫరీ పసుపు కార్డు చూపించాడు. రెడ్డెమ్మ మాత్రం ఆ చొక్కానే చూస్తూ ఉండిపోయింది.

"ఉతక్కుండా పెట్టుకున్యావేంది మే? కంపు కొట్టదా?" అంది ఇంటికొచ్చాక.

"బిడ్డ చెమట కంపెట్లవుతాదక్కా?"

"బిడ్డంట బిడ్డ! ఎవురు పెంచిన బిడ్డ?"

"నువ్వు పెంచినావు, నేను మేపుతాండా," అని నవ్వింది చిన్నక్క.

రెండు వారాలకే మిషారీ మోకాలు పట్టేసింది; పట్టీ కట్టుకుని ఆడుతున్నాడు. అది చిన్నక్క దిష్టేనని రెడ్డెమ్మ తేల్చేసుకుంది. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే, మామా కంటపడకుండా నిమ్మకాయ తిప్పి వీధి మలుపులో పారేసేది. తెల్లారేసరికి వాడు లేచి ఆడుకునేవాడు. అందుకే ఈసారి మామావాళ్లతో ఆటకు పోతూ, పైన వేసుకునే నల్ల అబాయా జేబులో నిమ్మకాయ వేసుకుంది. గేటు దగ్గర వెతికే ఆవిడ ఇదేమిటని అడిగితే, కడుపులో తిప్పితే వాసన చూసుకోవడానికంది. ఆవిడ పోనిచ్చింది.

రెండో సగంలో అవతలి జట్టువాడొకడు కాలు అడ్డం పెట్టి మిషారీని పడేశాడు. అవతలి అభిమానులు లేచి ఈలలు వేశారు. "పనిమనిషి చంకలో పెరిగినోడా, లే!" అని గుంపుగా పాడారు. మిషారీ మోకాలు పట్టుకుని లేవలేకపోయాడు.

రెడ్డెమ్మ నిమ్మకాయ తీసి, వాడి వైపు చెయ్యి చాచి, మూడుసార్లు తిప్పింది. తిప్పిన కాయను పారేయాలి. దాన్ని ఎవరు తొక్కితే దిష్టి వాళ్లకు తగులుకుంటుంది. పక్క కుర్చీలో ఉన్న చిన్నక్క కాళ్ల కిందికే జార్చాలనిపించింది గానీ, అక్కడే మామా చిన్నపిల్లలు గెంతుతున్నారు. దాంతో బలం కొద్దీ మైదానంలోకి విసిరింది. అది పోయి గీత పక్కన జెండాతో నిలబడ్డ ఆయన భుజానికి తగిలింది.

ఆట ఆగింది. మైకులో హెచ్చరిక మోగింది. మాకు మాత్రం చేతులు లేవా అన్నట్టు అవతలివాళ్లు నీళ్ల సీసాలు విసరసాగారు. కాపలావాళ్లు ఇద్దరు మెట్లెక్కి వచ్చి, విసిరింది ఎవరని గద్దించారు. రెడ్డెమ్మ గడ్డం చిన్నక్క వైపు తిప్పింది.

"నేను కాదు! చెప్పక్కా! నోట్లో ఏం పెట్టుకోనుండావు?" అని చిన్నక్క అరుస్తుండగానే రెక్క పట్టుకుని ఈడ్చారు.

అది మిషారీ కంటపడింది. కుంటుకుంటూనే ప్రకటనల బోర్డులు దాటి వచ్చి, ఒక కాపలావాణ్ని గుండెల మీద తోశాడు. రిఫరీ పరుగున వచ్చి ఎర్రకార్డు తీశాడు. సాటి ఆటగాళ్లు తల పట్టుకున్నారు. రెడ్డెమ్మ కంటికి ఎర్రకార్డు ఆనలేదు. దానికోసం దూకినాడే! అదొక్కటే ఆనింది.

ఇంటికొచ్చాక మామా అగ్గయిపోయింది. "ఖలాస్! చిన్నక్కకు రేపే టికెట్ తీస్తాను," అంది. చిన్నక్క ఏడుస్తూ ఒట్లు పెట్టుకుంటోంది. రెడ్డెమ్మ గుమ్మం పక్కన నిలబడింది. రేపటిదాకా నోరు మూసుకుంటే చాలు. వంటిల్లు మళ్లీ తనది, బిడ్డ మళ్లీ తనవాడు.

మోకాలికి ఐసు కట్టుకుని కూర్చున్న మిషారీ తల్లిని ఆపాడు. "పంపొద్దమ్మా," అని చిన్నక్క వైపు తిరిగాడు. "ఏడవకు. మీ ఊళ్లవాళ్లు దిష్టికి నిమ్మకాయ తిప్పుతారని నాకు తెలుసు. నా కాలు బాగుపడాలని విసిరావు. నా మీద ఇంత ప్రేమ ఎవరికుంటుంది?"

రెడ్డెమ్మ ఇక ఆగలేకపోయింది.

"అది దాని నిమ్మకాయ కాదు! నాది! నేను తెచ్చినా, నేను తిప్పినా, నేనే విసిరినా! దానికి దిష్టి తీసేది యాడ తెలుసు, పెట్టేదే తెలుసు!"

"మరి చిన్నక్కను ఈడ్చుకుపోతుంటే ఎందుకు ఊరుకున్నావు?" అన్నాడు మిషారీ.

రెడ్డెమ్మ వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. "నన్ను ఈడ్చుకుపోయింటే దూకుతాంటివా నాయనా?" అని అడిగింది.

అతను మోకాలి మీది ఐసుగడ్డను అటూ ఇటూ జరిపాడు. "పొద్దున అడిగి ఉంటే అవునని చెప్పేవాణ్ని," అని లేచి, చిన్నక్క భుజం పట్టుకుని లోపలికి కుంటుతూ పోయాడు.

టికెట్ ఎవరికీ తీయలేదు. మిషారీని రెండు ఆటలు ఆడనివ్వలేదు. తర్వాత మళ్లీ దిగాడు. ఇప్పుడు ఆటకు మామా చిన్నక్కనే వెంట తీసుకుపోతోంది. తిరిగొచ్చి చిన్నక్క గోల్ ఎట్లా పడిందో చెప్పబోతే, "నాకెందుకు మే," అని రెడ్డెమ్మ పొయ్యి వైపు తిరుగుతుంది.

కాసేపయ్యాక, అటు తిరిగే, "కాలు నొప్పన్యాడా?" అని అడుగుతుంది.

గురమ్మ, అరవై మూడేళ్లు.
ప్రస్తుతం ఉంటున్నది ఫింటాస్, కువైట్.