చౌధరీ తిన్న రొట్టె

చౌధరీ రావల్ గుర్రం దిగి, చెప్పులు విడిచి, వచ్చి పంక్తిలో కూర్చున్నాడని తెలియగానే నిహాలీ పిండి పిసికే చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు పెనం దగ్గరే ఉండు. ఆ వరసకి నేను వడ్డిస్తాను" అంది వదిన సంతీ, ఆమె మొహం చూసి భయపడి.

"ఎందుకు వదినా? పెద్దమనిషి మన గుమ్మం తొక్కాడు. మర్యాద చెయ్యొద్దా?"

వాళ్ళది తోలు పని చేసుకునే కుటుంబం. నిహాలీ అన్న కేహరు ఒకప్పుడు చెప్పులు కుట్టేవాడు. ఇప్పుడు గురువుగారు తన ప్రతినిధిగా నియమించి ఇచ్చిన మంచం మీద కూర్చుని, చుట్టుపక్కల పల్లెలకి ఆయన మాట చెబుతున్నాడు. అందరూ గౌరవంగా భాయి అని పిలిచే కేహరు ఎదురైతే పొలాలున్న ఆసాములు కూడా చేతులు జోడిస్తారు. ఆయన్ని చూడాలంటే మాత్రం ముందు అందరితో కలిసి నేల మీద కూర్చుని తినాలి. గురువుగారి ఇంట ఏ నియమమో ఇక్కడా అదే. సుబేదారు వచ్చినా తినకుండా కేహరు దగ్గరికి పోవడానికి లేదు.

ఈ నియమాన్ని అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసినవాడు రావలే. పక్క ఊరికి పెద్ద. అతని ఒక్కగానొక్క కొడుకు ఇల్లు వదిలి వచ్చేసి, ఇక్కడ వంటకి కట్టెలు కొడుతున్నాడు. ఎవరు చెప్పినా ఇంటికి రానన్నాడు. భాయి చెబితే తప్ప కదలడు. అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు. రావల్ ఏపాటి.

నిహాలీకి అతని కొడుకుతో పని లేదు. ఆమెకి గుర్తున్నది తన తమ్ముడు ఘుల్లా. ఒక జ్యేష్ఠమాసపు ఎండలో, రావల్ బావి దగ్గర తోలు బొక్కెన చిరిగితే కుట్టడానికి వాణ్ణి పిలిపించారు. కుట్టాడు. ఎడ్లు బొక్కెన పైకి లాగాక దాహమేసి అందులోంచి దోసెడు నీళ్ళు తాగాడు. వాడు కుట్టిన తోలులో వచ్చిన నీళ్ళు ఊరంతా తాగవచ్చు, వాడు తాగకూడదు. రావల్ నీడలో కూర్చుని చూస్తుండగా అతని మనుషులు వాణ్ణి కర్రలతో కొట్టారు. ఇంటికి మోసుకొచ్చేసరికే వాడికి మాట లేదు. తెల్లారకుండానే పోయాడు.

ఆ తరవాతే కేహరు గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చాక అతని నోట పగ అన్న మాట రాలేదు.

"నీ పగ నువ్వు గురువుగారి పాదాల దగ్గర వదిలేసి వచ్చావు అన్నా. బాగుంది. నాది నన్ను పెంచుకోనీ" అని నిహాలీ అప్పుడే చెప్పేసింది. పెంచుకుంది కూడా. కన్నబిడ్డకైనా అంత వేళ తప్పకుండా పాలు పట్టి ఉండదు.

ఇప్పుడు ఆ రావలే తనంత తానే వచ్చి కూర్చున్నాడు. తిండి లేదు పొమ్మనడానికి ఆ ఇంట్లో ఎవరికీ హక్కు లేదు. వాడే లేచి పోవాలి. కొడుకు కోసం వచ్చినవాడు, భాయి మొహం చూడకుండా, పదిమంది ముందు సిగ్గుపడి పోవాలి. దానికో మాట చాలు. నిహాలీ రొట్టెల గంప ఎత్తుకుంది.

రావల్ పక్కన ఒక చాకలి, అటు పక్కన ఒక కుమ్మరి కూర్చున్నారు. వాళ్ళకి తగలకుండా అతను మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. నిహాలీ అతని దోసిట్లో రొట్టె పెట్టి, వరసంతా వినేటట్టు చెప్పింది.

"చౌధరీ గారూ, తెలిసి తినండి. ఈ పిండి పిసికింది నేను. నేను ఘుల్లా అక్కని. మీ బావి దగ్గర చచ్చినవాడి అక్కని."

రావల్ రొట్టె వంక చూశాడు. దూరాన పాక కింద మంచం మీదున్న కేహరు వంక చూశాడు. రొట్టె తుంచి పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

తిన్నాడు. ఒకటి అయ్యాక దోసిలి పట్టి, "ఇంకోటి వెయ్యమ్మా" అన్నాడు. నీళ్ళూ అడిగాడు. నిహాలీ తన చేత్తో కుట్టిన తోలు తిత్తిలోంచి పోసింది. గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

చాకలి ముసలాయన కళ్ళు ఒత్తుకున్నాడు. సంతీ వెనక నుంచి వచ్చి, "చూశావా, కొండ కదిలింది. ఇంక నువ్వూ వదిలెయ్యి తల్లీ" అంది.

నిహాలీ ఒళ్ళు మండిపోయింది. వాడు లేచిపోయి ఉంటే ఇంత మంట ఉండేది కాదు. ఇంత తేలికా ఇది?

"చౌధరీ గారూ, కడుపులో ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"వికారం లేదా? ఒళ్ళు వెచ్చబడలేదా? కులం ఊడి కింద పడలేదా?"

రావల్ తల దించుకున్నాడు.

"ఏమీ కాలేదుగా. మా నీళ్ళు మీ గొంతులోకి హాయిగా దిగాయిగా. మరి ఆ రోజు మా వాడు దోసెడు తాగితే మీకేమైందని చంపించారు? చెప్పండి. మిమ్మల్ని నేను తిట్టను. ఎందుకో చెబితే చాలు."

అతను లేచి, విస్తరి తీసి, మంచం వైపు నడిచాడు. ఇన్నాళ్ళూ చెల్లెల్ని ఓర్చుకోమన్న కేహరు అక్కణ్ణుంచే చెయ్యి ఎత్తి ఆపాడు.

"తిన్నారు, సంతోషం. నా చెల్లెలు ఏదో అడిగింది. దానికి చెప్పి రండి. మీవాడి సంగతి తరవాత మాట్లాడుకుందాం."

రావల్ ఎండలో నిలబడిపోయాడు. దూరంగా గొడ్డలి చప్పుడు వినిపిస్తోంది. కొట్టేది అతని కొడుకే. ఊరికే చంపించానని అంతమంది ముందు ఎలా చెబుతాడు? ఉన్న జవాబు అదొక్కటే. తోలు పని వాళ్ళ రొట్టె మింగగలిగాడు కానీ ఆ మాట పైకి తేలేకపోయాడు. వెనక్కి తిరిగి, చెప్పులు వేసుకుని, గుర్రమెక్కాడు. గొడ్డలి చప్పుడు వైపు ఒకసారి తల తిప్పి, అలాగే వెళ్ళిపోయాడు.

"పాపం, కొడుకుని వదులుకుని పోయాడే" అంది సంతీ.

"ఆకలితో అయితే పంపలేదుగా" అంది నిహాలీ.

ఆ పూట ఆమె రోజూ తినేదానికన్నా రెండు రొట్టెలు ఎక్కువే తిన్నది.