ఎడమకాలి బూటు

“గ్యాసు! గ్యాసు లీకవుతోంది! దిగండి, అందరూ దిగండి!”

మెట్ల మీద టైలర్ పిన్ని పెట్టిన కేకకు నాలుగంతస్తుల భవనం ఉలిక్కిపడింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఒకాయన సగం గీసిన గడ్డంతో, ఒకావిడ తలకు తువ్వాలుతో పరుగు తీశారు. కుళ్లిన ఉల్లిపాయల కంపు మెట్లంతా కమ్ముకుంది.

అందరికంటే ముందు కదిలింది అక్క. ఈ భవనంలో చిన్నాపెద్దా అంతా ఆమెను అక్క అనే పిలుస్తారు. గ్యాసు కంపెనీలో ఉద్యోగం. ఊళ్లోకి వచ్చే గ్యాసుకు సొంతంగా ఏ వాసనా ఉండదు. లీకైతే జనానికి తెలియాలని అందులో ఒక కంపుమందు కలుపుతారు. ఆ మందు కలిపే స్టేషన్‌లోనే ఆమె పని. డ్యూటీ దిగుతూనే ఇటు పరుగెత్తుకొచ్చింది. కింది అంతస్తులో తమ్ముడి బేకరీ ఈ సాయంత్రమే మొదలవుతోంది. వాడి కోసం పిన్ని కుట్టిన ఏప్రన్ తీసుకుందామని పైకి వెళ్లిన కాసేపటికే ఈ గోల.

“లైట్ల స్విచ్చులు ముట్టుకోకండి! లిఫ్టు ఎక్కొద్దు!” అంటూ ప్రతి తలుపూ తట్టింది. ఆమె ఏ అంతస్తుకు వెళితే ఆ అంతస్తులో కంపు ఎక్కువైంది.

“అక్కా, నీకు వాసన రావట్లేదా?” అని పిన్ని ముక్కు మూసుకుని అడిగింది.

“రోజూ అందులోనే ఉంటాను పిన్నీ. నా ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది.”

లీకులు పట్టే బండి వచ్చింది. అందులోంచి బాబాయ్ దిగాడు. కంపెనీలో అందరికీ ఆయన బాబాయే. మెడలో గ్యాసు తగిలితే అరిచే మీటరు వేలాడుతోంది. వస్తూనే ఇళ్లకు వెళ్లే గ్యాసు వాల్వు కట్టేసి లోపలికి నడిచాడు. వంటగదులన్నీ చూశాడు. గొట్టాల మలుపులన్నీ తడిమాడు. మీటరు నోరు విప్పలేదు.

రోడ్డు మీద జనం సణుగుడు మొదలైంది. బేకరీ ముందు తమ్ముడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. పదేళ్లు ఎవరి కొట్లోనో పిండి పిసికి, ఇప్పుడు సొంత పొయ్యి పెట్టుకున్నాడు. తొట్టినిండా పిండి పొంగి ఉంది. ఇంకాసేపు ఆగితే పులిసి కుంగిపోతుంది. పిలిచినవాళ్లు అప్పుడే వచ్చేస్తున్నారు.

“ఏం బాబాయ్, దొరికిందా?” అంది అక్క దగ్గరికొచ్చి.

బాబాయ్ ముక్కుపుటాలు ఎగరేశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్లీ ముందుకొచ్చి, వంగి, ఆమె కాళ్ల దగ్గర గట్టిగా పీల్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అమ్మాయ్, లీకు నువ్వే!”

స్టేషన్ నుంచి బయటికొచ్చేటప్పుడు బట్టలు, బూట్లు రెండూ మార్చాలి. అది అక్కడి పద్ధతి. బేకరీ రిబ్బను కత్తిరించే వేళకి అందుకోవాలన్న హడావిడిలో ఆమె చీర మార్చింది, బూట్లు మర్చిపోయింది. మందు నింపే గొట్టం విప్పేటప్పుడు జారిన చుక్క ఒకటి ఎడమ బూటు లేసులో ఇంకిపోయింది. భవనాన్ని ఖాళీ చేయించడానికి ఆ ఒక్క చుక్క చాలింది.

వీధంతా పగలబడి నవ్వింది.

“గడ్డం సగమే అయింది తల్లీ, మిగతాది నువ్వే గీయి!” అన్నాడు సగం గడ్డమాయన.

“లీకు పట్టాల్సిన కంపెనీ లీకుని జీతమిచ్చి పెట్టుకుందన్నమాట,” అంది పిన్ని.

అక్క మొహం కందగడ్డయింది. బూట్లు రెండూ విప్పింది. బాబాయ్ వాటిని మూత బిగించే డబ్బాలో పెట్టి బండెక్కించాడు. కంపు తగ్గింది. జనం లోపలికి కదిలారు.

“బేకరీ కూడా చూసేస్తే పని అయిపోతుంది,” అన్నాడు బాబాయ్.

“మాకెందుకు బాబాయ్?” అన్నాడు తమ్ముడు హుషారుగా. “మాది వేరే లైను, రోడ్డు నుంచి కొత్త ఇనప గొట్టం. నిన్ననే గ్యాసు వదిలారు. మా గ్యాసు ఎంత శుభ్రమంటే, పొద్దున పొయ్యి నాబు తిప్పి చూస్తే ముక్కుకి ఏమీ తెలియలేదు! మా అక్క కంటే అదే నయం.” లైటరు ఊపుకుంటూ వెనకగది వైపు వెళ్లిపోయాడు.

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

ముక్కుకి ఏమీ తెలియలేదు.

కొత్త ఇనప గొట్టం లోపలి గోడ కంపుమందును పీల్చేసుకుంటుంది. దాని దాహం తీరేదాకా అవతలి కొసకి గ్యాసు చేరుతుంది, వాసన చేరదు. అందుకే ముందు మందు ఎక్కువ కలిపి గొట్టాన్ని నానబెట్టాలి. ఇక్కడ ఎవరూ నానబెట్టలేదన్నమాట.

ఆమె ఉత్తకాళ్లతో పరుగెత్తింది. “ఒరేయ్, ఆగరా!”

“మళ్లీనా అక్కా!” వాడి గొంతులో ఏడుపు. “చూడు, వాసనే లేదు!”

“అందుకేరా ఆగమంటున్నా!”

తమ్ముడు వెనకగది తలుపు తీశాడు. బొటనవేలు లైటరు మీద ఉంది. మాట్లాడి ఒప్పించే వ్యవధి లేదు. ఆమె వాడి చెయ్యి మీద ఒక్కటేసింది. లైటరు ఎగిరి తొట్లోని పిండిలో మెత్తగా కూరుకుపోయింది. కాలరు పట్టుకుని వాణ్ని బయటికి లాగింది.

“నా పిండి!”

“నీ తలకాయ్! బాబాయ్, మీటరు!”

బాబాయ్ గుమ్మంలోంచి చెయ్యి చాచాడు. అంతసేపూ నోరు మెదపని మీటరు కీచుమని అరిచింది. గడ్డమాయన నవ్వు సగంలోనే ఆగింది.

బాబాయ్ రోడ్డు మీది వాల్వు కట్టేశాడు. తలుపులూ కిటికీలూ తెరిపించాడు. గాలి ఆడి మీటరు శాంతించాక లోపలికి వెళ్లి చూస్తే, పొయ్యి వెనక బిగించకుండా వదిలేసిన మర ఒకటి కనిపించింది.

“మావాళ్ల తొందర,” అన్నాడు తల దించుకుని. “మర నేనే బిగిస్తా. గొట్టం నానడానికి మాత్రం రెండు రోజులు పడుతుంది. అందాకా ఈ పొయ్యి వెలిగించకూడదు.”

తమ్ముడు అరుగు మీద కూలబడ్డాడు. “నేను బాగానే ఉన్నాలే అక్కా. కానీ పిండి...”

పిన్ని కొంగు దోపుకుంది. “పైన ఇన్ని వంటిళ్లున్నాయి. అన్నీ మీటరు చూసినవే. వాల్వు విప్పు బాబాయ్!”

ఆ తర్వాత తొట్టి మెట్లెక్కింది. ఇంటికో ముద్ద. ఒవెన్ ఉన్నవాళ్లు ఒవెన్‌లో, లేనివాళ్లు మందపాటి గిన్నెలో మూతపెట్టి కాల్చారు. తమ్ముడు కొత్త ఏప్రన్ కట్టుకుని అంతస్తుకీ అంతస్తుకీ మధ్య పరుగులు పెట్టాడు. మెట్ల నిండా ఇప్పుడు వెన్న, కాలిన రొట్టె వాసన. కొన్ని బన్నులు వంకరగా వచ్చాయి, కొన్ని మాడాయి. గడ్డమాయన వాటా రాయిలా వచ్చింది. అయినా రిబ్బను కత్తిరించింది మాత్రం అక్కే, పిన్ని హవాయి చెప్పులు తొడుక్కుని. లైటరు పిన్ని ముద్దలో దొరికింది.

రెండు రోజుల తర్వాత స్టేషన్‌లో ఫోను మోగింది.

“అక్కా! బాబాయ్ ఇక్కడే ఉన్నాడు. నాబు తిప్పి చూశాం.” తమ్ముడు గంతులేస్తున్నట్టే ఉంది గొంతు. “కంపు కొడుతోంది!”

“ఏ మాత్రం?”

“అచ్చం నీ బూటులా!”

“అయితే గాలి ఆడనిచ్చి వెలిగించుకో,” అంది అక్క, కొత్త బూట్ల లేసులు విప్పుకుంటూ.