పసుపు బాతు

ఆమె గిన్నెలు తోముతూంటే అత్తగారు పక్కన నిలబడి అడిగింది. "ఇంతకీ అక్కడ నువ్వు చేసేదేంటే? వస్తువు మీద లైటు వేసి చూడ్డమేగా?"

"టార్చిలైటు ఉద్యోగం అమ్మా. హాయిగా కూర్చుని చేసేదే," అని భర్త పేపరు వెనకనుంచి నవ్వాడు.

తొమ్మిదేళ్లుగా అదే జోకు. కూర్చుని చేసే పనికి అలసట ఉండదని, అలసట లేనివాళ్లు వచ్చీ రాగానే కొంగు బిగించి వంటింట్లో దూరాలని ఆ ఇంటి న్యాయం. అందులో తిరకాసెక్కడుందో ఆమెకు తెలుసు. చెప్పడానికే తీరిక దొరకలేదు.

ఆ రోజు ఆమె పనిచేసే ప్రయోగశాలకు బొమ్మల కంపెనీ మేనేజరు వచ్చాడు. చేతిలో చంటిపిల్లల బాతుబొమ్మ, నిగనిగలాడే పసుపు. మర్నాడు సరుకు ఓడ ఎక్కాలి, రంగులో సీసం లేదని కాగితం కావాలి. లేజరు కిరణం పడితే ఒక్కో పదార్థం వెలుగును తనదైన తీరులో వెనక్కి చిమ్ముతుంది. తెర మీద దానికే చెందిన గీతలు శిఖరాల్లా లేస్తాయి, మనిషికి వేలిముద్రల్లాగ. ఆ పూట మాత్రం ఏనుగు వీపులాంటి గుట్ట ఒక్కటే లేచింది.

"సీసం జాడే లేదు. రాసిచ్చేద్దాం," అన్నాడు విభాగం పెద్ద.

"లేదని కాదు సార్, కనపడట్లేదంతే. ఆకుపచ్చ లేజరుకి ఆ రంగులో కలిపిన జిగురే మెరుస్తోంది. దాని కింద ఏముందో..."

"అమ్మా, ఆయనకి కాస్త టీ తెప్పించండి," అన్నాడు పెద్దాయన మధ్యలోనే.

తెప్పించడమంటే తేవడమే. ఆమె గుమ్మం దాకా వెళ్లింది. చంటిపిల్లలు బొమ్మను చూసి ఊరుకోరు, నోట్లో పెట్టుకుంటారు. గిరుక్కున వెనక్కి తిరిగింది. "టీ మిషను వరండాలో ఉంది సార్. మీరిద్దరూ తాగి రండి, పది నిమిషాలు చాలు నాకు."

ఎర్ర లేజరుకి మార్చింది. రంగు మాడకుండా కిరణం బలం తగ్గించి ఓపిగ్గా కాచుకుంది. గుట్ట కుంగింది. మధ్యలోంచి సూదిమొనలా లేచింది గీత. సీసమే! ఎగిరి గంతెయ్యాలనిపించింది.

టీ తాగొచ్చిన మేనేజరు ముఖం పాలిపోయింది. "సరుకు వెళ్లిపోయుంటే ఎంతమంది పిల్లలు... ఎవరండీ కనిపెట్టింది?"

"మా విభాగమే," అని పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"నేనండీ," అందామె. నివేదికలో "పరీక్షించినవారు" అన్న గడిలో ఇన్నేళ్లూ ఆయన పేరే ఉండేది. అందులో తన పూర్తి పేరు రాసి, కాగితం ఆయన వైపు జరిపింది. "సరిచూసినవారు అని మీకు పక్క గడి ఉంది సార్."

ఆ కంపెనీ బొమ్మల్లో మిగతా పదకొండు రంగులూ అదే రోజు చూడాల్సి వచ్చింది. ఇంటికి ఫోను చేసింది.

"మరి వంట?" అన్నాడు భర్త.

"మీరు చేస్తారు."

సంజాయిషీ లేని మాట తన నోట వినడం ఆమెకే కొత్తగా ఉంది. అవతల అత్తగారి గొంతు వినిపించింది. "ఏమంటోందిరా?"

"నన్ను వండమంటోందమ్మా."

అత్తగారు పకపకా నవ్వింది. "అయితే ఉల్లిపాయలు తియ్యి. ఆ ముచ్చట నేనూ చూడాలి."

ఆమె కూడా నవ్వి, ఎర్ర రంగు బొమ్మను లెన్సు కిందికి జరిపింది. రేపట్నుంచి సాయంత్రం వంట ఆయనదే అన్న సంగతి మాత్రం, ఇంటికి వెళ్లి, ఆయన వడ్డించాక, తింటూ నెమ్మదిగా చెబుదామనుకుంది.