ఆయిల్ అయిపోయింది

రెండో మలుపు దగ్గర ఇంజను టకటకమంది. మూడో మలుపుకి గడగడలాడింది. ఎదురుగా ఆయిల్ గుర్తు ఎర్ర దీపం ఆమె కంటపడింది. తాళం తిప్పి ఇంజను ఆపేసి, బండిని రోడ్డువారగా దొర్లించింది. దిగి బానెట్ ఎత్తి, ఆయిల్ కడ్డీ లాగి చూసింది.

ఎండిపోయిన పుల్లలా ఉంది. చుక్క లేదు.

మరమ్మతు షెడ్డు వాళ్ళంతా ఆమెని స్పానరమ్మ అంటారు. నెల కిందట మామగారు షెడ్డు తాళాలు చేతిలో పెట్టి ఒకే మాటన్నాడు: "నెలరోజులు చూస్తా. ఒక్క బండి నీ చేతిలో చెడినా తాళాలు వెనక్కిచ్చెయ్." ఈరోజు ముప్పయ్యో రోజు. సాయంత్రం ఆయన వస్తాడు. చెడింది మామూలు బండి కూడా కాదు, వ్యాకరణం మాస్టారిది. ఊళ్ళో సగంమంది చెవులు మెలేసిన మనిషి. ఐదింటికి బండి తీసుకెళ్తానన్నాడు.

బండిని తాడేసి లాక్కొచ్చారు. అప్పుడే మరిది ఆయిల్ డబ్బాతో షెడ్డులోకి దిగాడు.

"వదినా, ఇదిగో ఆయిల్. ఇంక పోసేద్దామా?"

స్టీరింగుకి అంటించి ఉన్న చీటీ ఆమె పీకి అతని ముక్కు కింద పెట్టింది. "ఇది రాసింది ఎవరు?"

"నేనే. ఆయిల్ అయిపోయింది అని రాశా. పాతది దించేశాక చూస్తే మన డబ్బా ఖాళీ. అందుకే కొనడానికి వెళ్ళా."

"ఆయిల్ పని అయిపోయిందనుకున్నాను నేను."

మరిది చీటీ వంక చూశాడు. వదిన వంక చూశాడు. "అలా కూడా చదవచ్చా?" అన్నాడు నీరసంగా.

"చదివి, ఎక్కి, మూడు వీధులు తిప్పాను. రాసింది నువ్వు, కడ్డీ తీసి చూడనిది నేను. ఇద్దరం సరిపోయాం. పద, గుంతలోకి దిగు."

అడుగునుంచి పని చెయ్యడానికి తవ్విన ఆ గుంత మీదికి బండిని తోశారు. వేలాడే బల్బు వెలుతుర్లో ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపు విప్పేసరికి గంటన్నర పట్టింది. ఆమె క్రాంకు అనే లోపలి ఇరుసు మీది మూతలు ఒక్కొక్కటే ఊడదీసింది. లోపలి బేరింగు చిప్పలు నాలుగూ కాలి, రాగి రంగు తేలి ఉన్నాయి. చిప్పలు పోతే పోనీ, కొత్తవి దొరుకుతాయి. వాటి మధ్య తిరిగే క్రాంకు మీద గీత పడిందంటే మాత్రం ఇంజను మొత్తం దించాల్సిందే. వారం పని.

"ఎలా తెలుస్తుంది వదినా?"

"గోరుతో గీసి చూడాలి. జారిపోతే బతికింది, తట్టుకుంటే పోయింది." ఆమె తన వేళ్ళు చూసుకుంది. గోళ్ళు అరిగి కండలో కలిసిపోయాయి. "నీ గోళ్ళు?"

మరిది చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "నేను కొరుక్కుంటా కదా."

"నా కళ్ళద్దాలు బండిలో మర్చిపోయాను," అంది పైనించి ఓ గొంతు.

మాస్టారు గుంత అంచున నిలబడి, విప్పేసిన తన ఇంజను వంక తేరిపార చూస్తున్నాడు. మరిది నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "సర్వీసింగులో ఇదంతా మామూలే మాస్టారూ, లోపల దుమ్ము..."

"దుమ్ము కాదు మాస్టారూ," అంది స్పానరమ్మ. "ఆయిల్ లేకుండా నడిపాను. తప్పు మాది." చీటీ తీసి ఇచ్చింది.

బండిలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని ఆయన చీటీ చదివాడు. మళ్ళీ చదివాడు. పెదవి చివర వణికింది. అది కోపమో నవ్వో తెలీలేదు.

"నలభై ఏళ్ళు మొత్తుకున్నాను, వాక్యం సరిగా రాయకపోతే కొంపలు మునుగుతాయని. నా కొంపే మునుగుతుందని మాత్రం అనుకోలేదు. సరే, ఇప్పుడేం చెయ్యాలి?"

"గోరు కావాలి మాస్టారూ."

ఆయన చిటికెన వేలు చూపించాడు. చెవి గోక్కోడానికి పెంచుకున్న గోరు, పొడుగ్గా, నున్నగా. చొక్కా చేతులు మడుచుకుని మెట్లు దిగాడు.

మొదటిచోట గోరు జారింది. రెండోచోట జారింది. మూడోదీ అంతే. నాలుగోచోట టక్కున ఆగింది.

మరిది కళ్ళు మూసుకున్నాడు. స్పానరమ్మ బల్బు దగ్గరికి లాగి చూసింది. గుడ్డ తీసుకుని గట్టిగా తుడిచింది. చిప్పలోంచి ఊడి అతుక్కున్న రేకుముక్క గుడ్డలోకి వచ్చేసింది.

"ఇప్పుడు గీయండి మాస్టారూ."

గోరు గాజు మీద జారినట్టు జారిపోయింది.

మరిది కొత్త చిప్పల కోసం పరుగెత్తాడు. "ఈసారి ఏం తెస్తున్నావో పూర్తి వాక్యంలో చెప్పి వెళ్ళు," అని వెనకనించి అరిచాడు మాస్టారు. మధ్యాహ్నం తిండి మాటే మర్చిపోయి బిగించారు. స్పానరమ్మ ఒక్కో బోల్టుకి బిగువు కొలుస్తుంటే, మాస్టారు పక్కన స్టూలేసుకుని కొలతల పుస్తకంలోని అంకెలు పైకి చదివాడు. ఆయిల్ పోశాక కడ్డీ తీసి ముగ్గురూ చూశారు. నాలుగూ యాభైకి తాళం తిప్పింది. ఇంజను పిల్లిలా గురగురలాడింది.

మామగారు వచ్చేసరికి బానెట్ ఇంకా తెరిచే ఉంది. ఆయన ఎవర్నీ పలకరించకుండా వంగి, చెవి పెట్టి విన్నాడు.

"బాగుంది. ఏం చేశారు?"

"వాక్యం చెడింది, ఇంజను కాదు," అన్నాడు మాస్టారు అడ్డుపడి.

ఆ మాట అక్కడితో వదిలేస్తే చాలు, తాళాలు మిగులుతాయి. స్పానరమ్మకి అది తెలుసు.

"లేదు మామయ్యా. కడ్డీ చూడకుండా నడిపి బేరింగులు కాల్చాను."

"మార్చింది ఎవరు?"

"నేనే."

"ఎంతసేపు?"

"విప్పడానికీ బిగించడానికీ కలిపి ఐదు గంటలు."

మామగారు మళ్ళీ చెవి పెట్టాడు. ఈసారి ఎక్కువసేపే విన్నాడు. బానెట్ మెల్లగా మూశాడు.

"నాకు ఏడు పట్టేది," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "రేపు నేను ఆలస్యంగా నిద్ర లేస్తానమ్మాయ్. షెడ్డు నువ్వే తియ్యి. ఎల్లుండి కూడా."