లీలమ్మ అడిగిన కేసు

ఎస్సై గురుమూర్తి వాళ్ళది నంద్యాలలో బట్టల కొట్టు. జమ్మలమడుగు దారిలోని ఆ చిన్న స్టేషన్‌కు వచ్చిన కొత్తలో, "కోమటోళ్ళ పిల్లోడికి ఈ ఫ్యాక్షన్ ఊర్లలో పోలీసు పనేందప్పా!" అని అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, సర్వీసులో ఒక్క అబద్ధపు కేసు కూడా రాయలేదన్న గర్వం ఆయనకు కొండంత ఉంది.

నిన్న సాయంత్రం లీలమ్మ తన కొడుకు జోసఫ్‌ను చెయ్యి పట్టుకుని తెచ్చి స్టేషన్‌లో కూర్చోబెట్టింది. ఆమె మొగుడు పాలయ్యను నిరుడు అధికార పార్టీ మనుషులు నరికి చంపారు. కళ్ళారా చూసింది జోసఫ్ ఒక్కడే. సోమవారం ప్రొద్దుటూరు కోర్టులో వాడు సాక్ష్యం చెప్పాలి. చెప్పనిచ్చేటట్టు లేరు. ఎదురుగా టీ కొట్టు దగ్గర జీపు ఆపుకుని కాపు కాస్తున్నారు. గురుమూర్తి రెండుసార్లు వెళ్ళి సోదా చేసినా ఏమీ దొరకలేదు. టీ తాగడం నేరమని ఏ చట్టమూ చెప్పదు కదా!

ముందుజాగ్రత్త అరెస్టు కింద జోసఫ్‌ను ఒక రోజు లోపల ఉంచగలిగాడు. ఆ గడువు ఈ సాయంత్రంతో సరి. కానిస్టేబుళ్ళను తోడిచ్చి పంపినా ఎన్నాళ్ళని కాస్తారు?

"ఎంతమంది మీద లేనిపోని బాంబు కేసులు పెట్టలేదు సారూ మీ పోలీసోళ్ళు? మా వానికీ ఒకటి పెట్టు," అంది లీలమ్మ.

గురుమూర్తికి ఒళ్ళు మండింది. "తెలిసే మాట్లాడతాండావా? బాంబు కేసున్నోడి సాక్ష్యం కోర్టు నమ్మదు. నీ మొగుణ్ణి చంపినోళ్ళు నవ్వుకుంటా ఇంటికి పోతారు."

"తెలుసు సారూ. అందుకే అడుగుతాండా. అప్పుడు వాళ్ళకు వీనితో పనుండదు. పోయినోడు ఎట్లా రాడు. ఉన్నోణ్ణన్నా నాకు మిగిలించు. ఆ పాపం ప్రభువు ముందర నేను మోస్తా."

లోపలి నుంచి జోసఫ్ అరిచాడు. "వద్దు మా! నేను చెప్పే తీరతా. సస్తే సస్తా!"

ఆమె వెనక్కి తిరగలేదు.

గురుమూర్తి హెడ్ కానిస్టేబుల్ అబ్దుల్ సలాం వైపు చూశాడు. "పెన్న ఒడ్డున కంపచెట్లలో దొరికిన నాటుబాంబులున్నాయి సార్. ఇంకా ఎవరి మీదా రాయలేదు," అన్నాడు సలాం మెల్లగా.

చట్టం ఇచ్చిన అధికారమంతా కలిపినా ఆ పిల్లవాడి ప్రాణానికి అడ్డు నిలవలేదు. చట్టం ఇవ్వనిదొక్కటే పనికొచ్చేలా ఉంది. గురుమూర్తికి సిగ్గేసింది. అయినా కాగితం ముందుకు లాక్కుని రాశాడు.

కబురు టీ కొట్టుకు చేరడానికి ఎంతసేపు? జీపులోని పెద్దమనిషి నవ్వుతూ లోపలికొచ్చాడు. "మంచి పని చేసినావు సారూ. ఇంక ఆ పిల్లోనితో మాకేం పనిలే." జీపు పులివెందుల వైపు వెళ్ళిపోయింది.

జోసఫ్‌ను మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోవడానికి వ్యాను ఎక్కిస్తుంటే లీలమ్మ పరుగెత్తుకెళ్ళింది. "ఒక్క మాట మాట్లాడిపో నాయనా," అని కమ్మీ పట్టుకుంది.

బతికిపోయిన కొడుకు తల్లి వైపు తల తిప్పి చూడలేదు.