డెన్వర్ – చికాగో, రెండున్నర గంటలు

పెద్దక్క కమల చికాగోలో శుక్రవారం చనిపోయింది. జర్మనీలోని కెమ్నిట్జ్‌లో బడి పంతులమ్మగా ఉన్న లీలకు ఆ కబురు మూడో పీరియడు అయ్యాక అందింది. నాలుగో పీరియడు పాఠం ఆమె పూర్తిగానే చెప్పింది.

అమెరికా వీసాకు మూడు నెలల దాకా అపాయింట్‌మెంట్ లేదు. ఆఖరి చూపుకు తమ్ముడు అమర్ ఒక్కడే డెన్వర్ నుంచి వెళ్లాలి, ఆమె తరఫున కూడా. సోమవారం సాయంత్రం నాలుగింటికి ఫ్యూనరల్ హాల్లో పెట్టె మూసి దహనానికి తీసుకుపోతారని, అక్కడివాళ్లు నిమిషం కూడా ఆగరని బావ భాస్కర్ రావు ముందే చెప్పాడు.

ఆ కుటుంబంలో ఎవరి ప్రయాణమైనా లెక్క చూసేది లీలే. అమర్ పొద్దున ఎనిమిదింటి విమానం అనుకున్నాడు. అది రాహుకాలమని అతని అత్తగారు వెంకటరమణమ్మ అడ్డుపడింది. పన్నెండింటిది సరిపోతుందా అని అక్కను అడిగాడు. లీలకు రాహుకాలం పట్టింపు లేదు. ఈ సమయంలో పెద్దావిడతో వాదన ఎందుకని కాగితం తీసింది. దూరం పద్నాలుగు వందల కిలోమీటర్లు. ప్రయాణం రెండున్నర గంటలు.

“రెండున్నరకి దిగుతావు. హాలుకి గంట. బోలెడు టైముందిరా,” అంది.

“నువ్వు చూశాక ఇంక నేను చూసేదేముందక్కా,” అన్నాడు అమర్.

అతను దిగేసరికి చికాగోలో మూడున్నర. హాలు చేరేసరికి నాలుగున్నర. అక్కడ కుర్చీలు మడుస్తున్నారు.

ఆ కాగితం లీల మళ్లీ చూసింది. అన్నీ జర్మనీ టైములోకి మార్చి లెక్క కట్టింది. ఇక్కడికన్నా డెన్వర్ ఎనిమిది గంటలు వెనక, చికాగో ఏడు. ఆమె రెండింటికీ ఎనిమిది గంటల తేడానే వేసింది. ఆరో తరగతి పిల్లలు అలా చేస్తే సగం మార్కులు వేస్తుంది.

మర్నాడు భాస్కర్ రావు ఫోను చేశాడు. గొంతు పెంచలేదు.

“ఆఫీసు పని చక్కబెట్టుకుని తీరిగ్గా వచ్చాడు మీ తమ్ముడు. పొద్దున ఫ్లైట్ లేదా లీలా? పన్నెండో రోజుకి రానక్కర్లేదని చెప్పేశాను.”

అది కాదు బావగారూ, అని లీల మొదలుపెట్టింది. ఆయన ఏడుస్తున్నాడని అర్థమై ఆగిపోయింది. ఆయన ఫోను పెట్టేశాడు.

అమర్‌కి మాత్రం ఆ సాయంత్రమే చెప్పింది, లెక్క తప్పింది తనేనని.

“తెలుసక్కా. దిగగానే గోడ మీద గడియారం చూశాను.”

“బావకి చెప్పలేదేం?”

“ఫ్లైట్ లేటన్నాను. నమ్మలేదు. ఆయనకిప్పుడు తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేనెలాగూ చిన్నప్పట్నుంచీ అలవాటుపడ్డవాణ్ణేగా.” ఫోను పెట్టేముందు అన్నాడు: “పన్నెండో రోజుకైనా రానిస్తే బావుండేది.”

ఆ వారమంతా లీల బావకు మెసేజ్ రాసి చెరిపేసింది. ఫోను చేస్తే మూడుసార్లు వేరేవాళ్లు ఎత్తారు. నాలుగోసారి ఆయనే ఎత్తాడు. భోంచేశారా అని అడిగి, జాగ్రత్త అని చెప్పి పెట్టేసింది.

పన్నెండో రోజు రేపు. అమర్ టికెట్ కొనలేదు. లీల బావకు ఇంకా చెప్పలేదు.